నెల్ హాగర్టీ పేరు

నాలుగు వారాల సెలవు తర్వాత ఆఫీసుకొచ్చిన రొజారియా జెరాఫా మొదట చేసిన పని నోటీసు బోర్డు సర్దడం. కూలబరా నగర కౌన్సిల్ ముందు గదిలో, కౌంటరుకి ఎడమపక్క గోడకి ఉంటుందా బోర్డు. పద్దెనిమిదేళ్ళుగా దాని మీద ఏ కాగితం ఎక్కినా, ఏ కాగితం దిగినా ఆమె చేతుల మీదుగానే. తను లేనప్పుడు ఎవరు గుచ్చారోగాని పిన్నులన్నీ వంకరగా ఉన్నాయి. కుక్కల లైసెన్సు గడువు కాగితం ఊడదీస్తే దాని కింద ఇంకొకటి కనిపించింది.

ఉత్తర వీధిలోని నెల్ హాగర్టీ ఈతకొలను పేరుని వాడ్లో ట్రాక్టర్స్ ఈతకొలనుగా మార్చే ప్రతిపాదన. అభ్యంతరాలున్నవాళ్ళు ఇరవై ఎనిమిది రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి.

తేదీ చూసుకుంది. ఇరవై నాలుగు రోజులు ఇప్పటికే గడిచిపోయాయి. శుక్రవారం సాయంత్రం అయిదింటితో ఆఖరు.

కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది. కౌన్సిల్ ఆస్తులకి పేర్లు పెట్టడం, విరాళాలు పుచ్చుకోవడం, కంపెనీల ప్రకటనలకి చోటివ్వడం ఇవన్నీ కెరిన్ అనే అమ్మాయి చూస్తుంది. బ్రిస్బేన్ నుంచి వచ్చి రెండేళ్ళే అయింది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, ఆ నవ్వు వెనకాల ఏముందో రొజారియాకి ఇంతవరకూ అంతుపట్టలేదు.

"ఇది కుక్కల కిందెందుకుంది, కెరిన్?"

"బోర్డు మీదే ఉందిగా. రూలు బోర్డు మీదుండాలంటుంది గాని పైనుండాలా కిందుండాలా చెప్పదు." కెరిన్ నవ్వింది. "నువ్వు లేకపోతే ఇక్కడ పిన్ను గుచ్చడం కూడా ఎవరికీ చేతకాదు రోజీ. నన్నడిగితే కుట్రంతా అదే."

రొజారియా నవ్వలేదు. ఫైలు అడిగి తీసుకుని కౌంటరు దగ్గరికొచ్చి కూర్చుంది. మనిషి పేరున్న ఆస్తికి పేరు మార్చాలంటే ఆ కుటుంబం ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. సంతకం ఉంది. నీలం సిరాతో, నిటారుగా. మొయ్రా హాగర్టీ, కుమార్తె. రొజారియా ఆ సంతకాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది. ఒకప్పుడు అక్కడ తమకి ఈత నేర్పిన నెల్ పేరు కొలనుకి పెట్టిన రోజు, ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, ఆ కూతుర్ని ఒక్కసారే చూసింది. టోపీ కిందికి లాక్కుని ఓ పక్కన నిలబడింది. మళ్ళీ ఊళ్ళో ఎవరికీ కనబడలేదు. అలాంటి మనిషి ఎక్కడుందో వెతికి పట్టుకుని, తల్లి పేరు పీకెయ్యడానికి ఒప్పించాడా ఈ ట్రాక్టర్లాయన?

తర్వాత ఒప్పందం చదివింది. ట్రాక్టర్లమ్మే డెస్ వాడ్లో కంపెనీ పదేళ్ళపాటు నీళ్ళు వేడిచేసే ఖర్చు భరిస్తుంది. నీడ తెరలు కడుతుంది. నడవలేనివాళ్ళని నీళ్ళలోకి దింపే కుర్చీ కొనిస్తుంది. బాగానే ఉంది. ఏడో షరతు దగ్గర ఆమె వేలు ఆగింది. "ప్రతిరోజూ ఉదయం ఆరు నుంచి ఏడు వరకు కొలను దాత ఆమోదించినవారికి మాత్రమే కేటాయించబడును."

మూడుసార్లు చదివింది. ఆరు నుంచి ఏడు ఆమె ఈదే వేళ. ఆమెదే కాదు, ఊళ్ళో పొద్దున్నే లేచే పాతికమందిదీ.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే కొలను దగ్గరికి వెళ్ళింది. ఇక్కడ జూలై అంటే చలికాలం. మిల్లులో చెరకాడుతున్న రోజులు, గాలంతా పాకం వాసన. గేటు పక్కన టీకొట్టు నడిపే బెవ్ అప్పుడే చెక్క తలుపు పైకెత్తి గడియ వేస్తోంది. డెబ్బై దాటిన మనిషి. చిన్నా పెద్దా ఎవరినైనా తల్లీ అనే పిలుస్తుంది.

"వాడ్లో ట్రాక్టర్స్ ఈతకొలనా? ట్రాక్టరు ఈదుతుందా తల్లీ? నాకు తెలిసి బురదలో దిగబడుద్ది," అంది బెవ్.

"వినడానికి నవ్వొస్తుంది గాని, పొద్దున గంట వాళ్ళకేనంట. వాళ్ళంటే ఎవరో రాయలేదు."

"ఇంకెవరు? వాళ్ళ షోరూమువాళ్ళు, వాళ్ళ దోస్తులు. మనం గేటు బయట నిలబడి చూడాలన్నమాట."

"ఆ కూతురి సంతకం కూడా నాకు నమ్మకంగా లేదు."

బెవ్ గిన్నె పొయ్యి మీద పెట్టబోతూ ఆగింది. "దొంగ సంతకమా?"

"అని నేననలేదు."

"అన్నట్టే ఉంది," అని బెవ్ బల్ల కింద నుంచి పాత లెక్కల పుస్తకం తీసి, వెనకవైపు నుంచి ఓ తెల్ల కాగితం చింపి ముందు పెట్టింది. "రాయి. నువ్వయితే బాగా రాస్తావు. మొదటి సంతకం నీది, రెండోది నాది."

ఏడయ్యేసరికి ముప్పై ఒకటి అయ్యాయి. తడి చేతుల్తోనే పెట్టారు కొందరు. నెల్ దగ్గర ఈత నేర్చుకున్నవాళ్ళు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు ఆ గుంపులో, రొజారియాతో కలిపి. పెట్టంది ఒక్కడే. ఎజ్రా మాలో.

ఎజ్రా ఆ కొలనుకి కాపలాదారు, తోటమాలి, నీళ్ళ డాక్టరు అన్నీ తనే. నూటయాభై ఏళ్ళ కిందట చెరకు తోటల పనికి ఓడల్లో తెచ్చి దింపిన ద్వీపాలవాళ్ళ సంతతి. మాట తక్కువ. రొజారియా వెళ్ళేసరికి గాజుగొట్టంలో కొలను నీళ్ళు తీసి, రెండు చుక్కలు మందు వేసి, దీపం కింద పెట్టి రంగు చూస్తున్నాడు.

"నేను పెట్టనమ్మా," అన్నాడు కాగితం వైపు చూడకుండానే.

"కౌన్సిల్ ఉద్యోగమని భయమా? నాదీ అదే ఉద్యోగం."

"భయం కాదు."

"మరి?"

అతను గొట్టాన్ని కొంచెం పైకెత్తాడు. "ఇవాళ మందు ఎక్కువైంది. కళ్ళు మండుతాయి, చూసుకో." గొట్టం కడిగి పెట్టెలో పెట్టుకుని పైపు చుట్టలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఎజ్రా అల్లుడికి పోయిన నెలే వాడ్లో గోదాములో పని దొరికింది," అంది బెవ్, రొజారియా కొట్టు దగ్గరికి రాగానే.

బుధవారం రొజారియా మధ్యాహ్నం సెలవు పెట్టి కారు తీసింది. ఫైల్లో ఉన్న చిరునామా గంట ప్రయాణం. ఏరు సముద్రంలో కలిసే చోట చిన్న రేవు. పడవలు కట్టే గట్టుకి ఎదురుగా రేకుల షెడ్డు, దాని మీద "హాగర్టీ కాన్వాసు పని" అని చేత్తో రాసిన బోర్డు. లోపల గోడనిండా పడవ కప్పులు, లారీ పట్టాలు. ఓ మూల ముక్కోణం ఆకారంలో పెద్ద నీడ తెరలు మడతపెట్టి ఉన్నాయి.

నీడ తెరలు. రొజారియాకి ఒప్పందంలో రెండో వాక్యం గుర్తొచ్చింది. అదీ సంగతి, అనుకుంది. తల్లి పేరు పోతే పోయింది, తెరల కాంట్రాక్టు దొరికింది.

బల్ల దగ్గర అరవై అయిదేళ్ళావిడ వంగి పని చేస్తోంది. పట్టా అంచుకి రంధ్రం పొడిచి, ఇత్తడి రింగులు కింద ఒకటి పైన ఒకటి పెట్టి, అచ్చు నిలబెట్టి సుత్తితో ఒకటే దెబ్బ. మళ్ళీ జానెడు జరిగి ఇంకోటి.

"కౌన్సిల్ నుంచి వచ్చానండీ. కొలను పేరు సంగతి. ఆ సంతకం మీదేనా అని అడుగుదామని."

"నాదే. ఇంకోసారి పెట్టి చూపించనా?" మొయ్రా తలెత్తకుండానే అంది. మాటలో కోపం లేదు.

"ఆ తెరలు మీరే కుడుతున్నారా?"

"కొలనుకా? లేదు. అవి బ్రిస్బేన్‌లో చేయిస్తున్నారు. ఇవి ఓ బడివాళ్ళవి." అప్పుడు తలెత్తింది. "ఓహో. అందుకనుకున్నావా?"

రొజారియా ముఖం వేడెక్కింది. అయినా వచ్చిన పని అడగాలి. "కన్నకూతురు తల్లి పేరు తీసెయ్యమని సంతకం పెట్టిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మటం లేదండీ. ఆవిడ మాకు ఈత నేర్పింది. ఆ బోర్డు చూసినప్పుడల్లా..."

"నీ పేరేంటమ్మా?"

"రొజారియా. జెరాఫా."

సుత్తి గాల్లోనే ఆగింది. మొయ్రా దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "మిల్లు వెనక వీధి జెరాఫాలా? మాల్టా నుంచి వచ్చినవాళ్ళు?"

"అవునండీ."

"మీ అమ్మ ఉందా?"

"ఉంది. ఎనభై నాలుగు. మొన్ననే కన్ను ఆపరేషన్ అయింది."

"మంచిది," అంది మొయ్రా. కాసేపు ఆమె ముఖం వైపే చూసి, తనే ఓ స్టూలు లాగి ఇచ్చింది. "కూర్చో. అంత దూరం వచ్చావు."

చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. నెల్ రోజూ ఉదయం ఆరింటికి, కొలను తెరవడానికి గంట ముందు, గేటు తీసి ద్వీపాలవాళ్ళ పిల్లల్ని లోపలికి రానిచ్చేది. వాళ్ళకి టిక్కెట్టు కొనే శక్తి లేదు. ఉన్నా గేటు దగ్గర ఏదో వంకపెట్టి పంపేసేవాళ్ళు. ఏట్లో మునిగి ఓ ఏడాది ఇద్దరు పిల్లలు పోయాక నెల్ మొదలుపెట్టిన పని అది. మూడేళ్ళు సాగింది. ఎనభై ఒకటిలో ఎవరో ఫిర్యాదు రాశారు. వారం తిరక్కుండా కౌన్సిల్ ఆమెని కొలను ఉద్యోగంలోంచి తీసేసింది.

"మాకు వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయిందని చెప్పారు," అంది రొజారియా.

"అందరికీ అలాగే చెప్పారు. ఆవిడ ఈ రేవుకొచ్చి ఇళ్ళల్లో బట్టలు ఉతికింది, చనిపోయేదాకా, పదమూడేళ్ళు. పోయిన రెండేళ్ళకి మేయరు ఫోన్ చేసి, కొలనుకి మీ అమ్మ పేరు పెడుతున్నాం, రిబ్బను కత్తిరించడానికి రమ్మన్నాడు. వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ నాకే తెలీదు. అది గౌరవం కాదమ్మా, మూత. జరిగినదాని మీద పెట్టిన మూత."

గట్టు మీద ఎవరో పడవ మోటారు తిప్పి చూస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా మొయ్రా ఇత్తడి రింగులు ఏరి డబ్బాలో వేసింది.

"వాడ్లో వస్తే మూడుసార్లు తిప్పి పంపాను. నేనూ నమ్మలేదు ఆయన్ని. నాలుగోసారి నేనే షరతు పెట్టాను. ఆరు నుంచి ఏడు, ఎవరి పిల్లలైనా సరే, డబ్బుల్లేకుండా ఈత. పదేళ్ళు. ఆ గంట రాసిస్తే సంతకం పెడతాను, పిల్లల మాట మాత్రం కాగితంలో ఎత్తొద్దన్నాను. ఆయనకి బోర్డు కావాలి. నాకు బోర్డు పోవాలి. ఇద్దరికీ కుదిరింది."

ఏడో షరతు. రొజారియా చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఇది అందరికీ చెబితే ఒక్కరూ అభ్యంతరం పెట్టరు కదండీ. మరి ఎందుకు దాచడం?"

"ఫిర్యాదు ఎవరు చేశారని అడగరా? అమ్మకి పేర్లు తెలుసు. ఆఖర్న నాకు చెప్పింది. చెప్పి, ఇంకెవరికీ చెప్పొద్దంది. వాళ్ళ పిల్లలందరికీ తనే ఈత నేర్పిందట. పెద్దయ్యాక తల్లుల్ని అసహ్యించుకుంటారు, అది నా వల్ల జరగకూడదంది." మొయ్రా సుత్తి అందుకుంది. "నాకయితే అంత మంచితనం లేదు. మాటిచ్చాను, అంతే. అందుకే సద్దు లేకుండా పోనివ్వమంటున్నాను."

తిరుగుదారిలో రొజారియా రేడియో పెట్టుకోలేదు. మీ అమ్మ ఉందా అని అడిగిందెందుకు? ఆ మాట చెరకు లారీల వెనక నెమ్మదిగా పోతున్నంతసేపూ వదల్లేదు.

గురువారం పొద్దున కెరిన్ కౌంటరు దగ్గరికొచ్చి మోచేతులు ఆనించింది. "సంతకాలు పోగవుతున్నాయట?"

"నూట పన్నెండు. బెవ్ మార్కెట్లో కూడా పెట్టింది."

"వంద దాటితే విచారణ, తెలుసుగా? కొలను పాత ఫైలు మొత్తం సభలో పెట్టాలి. కట్టిన రోజు నుంచి ప్రతి కాగితమూ. ఎవరైనా తిరగేసుకోవచ్చు." ఈసారి నవ్వలేదు. "నిన్ను బెదిరించడం లేదు. నువ్వు కౌన్సిల్ మనిషివి, మొదటి సంతకం నీది. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఏం చెప్పాలో ఆలోచించుకోమంటున్నా."

భోజనాల వేళ రొజారియా తాళంచెవి తీసుకుని నేలమాళిగలోకి దిగింది. ఉత్తర వీధి కొలను, రెండు అట్టపెట్టెలు. టేపు ఎండి పెళుసుబారిపోయింది, గోరు పెట్టగానే ఊడొచ్చింది. రశీదులు, పంపు మరమ్మతులు, కంచె కొటేషన్లు. ఎనభై ఒకటి మార్చి దగ్గర టైపు చేసిన ఒకటే కాగితం. పరిశుభ్రత దృష్ట్యా, మా పిల్లల ఆరోగ్యం దృష్ట్యా, వేళ కాని వేళ కొలనుని కొందరికి తెరుస్తున్న ఉద్యోగిని మీద చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాం. ఆ కొందరు ఎవరో రాయలేదు. కింద పదకొండు సంతకాలు, అందరూ ఆడవాళ్ళే.

ఎనిమిదోది జి. జెరాఫా. ఇంటిపేరులో మొదటి అక్షరం మీద చుక్క పెట్టి ఉంది. మాల్టావాళ్ళు పెట్టే చుక్క. ఊళ్ళో జెరాఫాలు ఒకటే ఇల్లు, ఆ ఇంట్లో జి అంటే తల్లి జుజా.

ఆమె ఆ కాగితాన్ని యథాస్థానంలో పెట్టింది. పెట్టె మూసింది. మెట్ల మీద మధ్యలో కాసేపు కూర్చుంది.

ఇంటికెళ్ళేసరికి తల్లి జుజా వంటగదిలో పస్తీట్సీ, మాల్టావాళ్ళ కజ్జికాయలు, చేస్తోంది. నల్ల కళ్ళద్దాలు ఇంట్లో కూడా తీయడం లేదు, డాక్టరు చెప్పింది నెల రోజులని. పల్చటి పిండి పొరని అరచేతి మీద సాగదీసి, మధ్యలో పాలవిరుగుడు పెట్టి, అంచులు నొక్కుతోంది. కన్ను కనపడక్కర్లేదు, చేతికే తెలుసు.

"అమ్మా, నెల్ హాగర్టీ మీద కాగితం రాశారు, ఎనభై ఒకటిలో. నీ సంతకం ఉంది."

జుజా చెయ్యి ఆగలేదు. ఆ పస్తీట్సీ అంచు పూర్తిగా నొక్కి, పళ్ళెంలో పెట్టి, అప్పుడంది. "ఉంటుంది. పెట్టాను."

"చదివే పెట్టావా?"

"ఇంగ్లీషు రాదనుకున్నావా? చదివాను. రెండుసార్లు."

"ఆవిడ ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసు." ఇంకో పొర తీసుకుంది. "ఈ ఊరొచ్చి అప్పటికి పదకొండేళ్ళు. ఒక్కత్తీ మా గడప తొక్కలేదు. చర్చిలో పక్కన కూర్చుంటే జరిగేవాళ్ళు. ఆ రోజు ముగ్గురొచ్చారు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నారు. నేను చేసినవి తిన్నారు. బాగున్నాయన్నారు. ఎలా చెయ్యాలో చెప్పమని ఒకామె రాసుకుంది కూడా. ఆ తర్వాత కాగితం తీశారు."

రొజారియా కుర్చీ వెనక్కి లాగింది గాని కూర్చోలేదు. "మళ్ళీ వచ్చారా వాళ్ళు?"

"రాలేదు."

ఓవెన్ గంట కొట్టింది. రొజారియా గుడ్డతో పళ్ళెం బయటికి తీసి, ఇంకోటి లోపల పెట్టింది. వేళ్ళు కొంచెం కాలాయి.

"నాకు మూడు మైళ్ళు ఈదటం వచ్చు, అమ్మా. ఆవిడ నేర్పిందే."

"నాకు తెలీదా? నేనే తీసుకెళ్ళేదాన్ని." జుజా తల వంచుకుంది. "సంతకం నాదే. దాచమని నిన్ను అడగను. రేపు దాన్ని మీ బోర్డు మీద గుచ్చినా ఆదివారం చర్చికి వెళ్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను. చూడాలనుకున్నవాళ్ళు చూస్తారు."

శుక్రవారం పన్నెండింటికి బెవ్ కౌన్సిలుకొచ్చింది. ఆవిడ కొట్టు వదిలి అంత దూరం రావడం ఎప్పుడూ జరగదు. గుడ్డసంచీలోంచి కాగితాలు తీసి కౌంటరు మీద దులిపి సమం చేసింది. "నూట నలభై మూడు. చేపలవాడిచేత కూడా పెట్టించాను, వాడికి ఈతే రాదు. నీ చేతికిస్తున్నా తల్లీ. ముద్ర వెయ్యి."

"ఆఖర్న వేస్తాను. వాడ్లో మనుషులకి ముందే తెలియకుండా," అంది రొజారియా. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"తెలివైందానివి," అని బెవ్ కన్నుగీటి వెళ్ళిపోయింది.

నాలుగింటికి మొయ్రాకి ఫోన్ చేసింది. "మా అమ్మ పేరు చూశానండీ."

"చూస్తావనుకున్నాను."

"ఈ సంతకాలు లోపలికి పంపితే ఆ ఫైలు బయటికొస్తుంది, మీ అమ్మగారి మాట పోతుంది. పంపకపోతే మా అమ్మని కాపాడుకున్నట్టవుతుంది. మీరే చెప్పండి."

అవతల సుత్తి చప్పుడు లేదు, గాలి చప్పుడు వినబడింది. "అమ్మ ఏమందో చెప్పాను. నువ్వు ఎవరి కోసం చేస్తున్నావో నేనెలా చూడగలను? అది నీకైనా కనబడితే అదృష్టం," అంది మొయ్రా. తిట్టినట్టు లేదు. జాలిపడినట్టూ లేదు.

అయిదుకి పది నిమిషాలప్పుడు రొజారియా సొరుగు లాగింది. అందినట్టు వేసే ముద్ర, ఊదా సిరా మెత్త, తేదీ తిప్పే చక్రాలు. శుక్రవారం తేదీ పొద్దున తనే తిప్పింది. ముద్ర మెత్త మీద అద్దింది. కాగితాల మొదటి పేజీలో తన చేతిరాత, తన పేరు. ఇంటిపేరు మీద తను ఎప్పుడూ చుక్క పెట్టదు. బడిలో టీచరు కొట్టేసేది, అలా అలవాటు తప్పింది.

రెండు మూడుసార్లు అద్దిందేగాని కాగితం మీదికి చెయ్యి పోలేదు. గోడ గడియారం అయిదు దాటింది. ఆమె చిత్తు కాగితం మీద ముద్ర ఒత్తి సిరా తుడిచేసి, సంతకాల కట్టని చేతిసంచీలో పెట్టుకుంది.

కెరిన్ గది తాళం వేసుకుని వస్తూ ఆగింది. "అభ్యంతరాలు ఎన్ని రాయమంటావు?"

"ఏమీ రాలేదు."

కెరిన్ ఆమె సంచీ వైపు చూసింది, ముఖం వైపు చూసింది. ఏదో అడగబోయి, "సరే," అని ఊరుకుంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర వెనక్కి తిరిగి మళ్ళీ ఓసారి చూసింది. అలాంటి చూపు రొజారియాకి కొత్త కాదు. మొన్నటిదాకా తను ఆ పిల్లని చూసిన చూపే అది.

బెవ్‌కి ఎవరు చెప్పారో తెలీదు. చిన్న ఊరు. శనివారం పొద్దున రొజారియా వచ్చేసరికి కొట్టు ముందు నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు, ఆమెని చూసి ఆపేశారు.

"వెయ్యలేదంటగా," అంది బెవ్.

"వెయ్యలేదు. ఆ సంతకం నిజమైందే, బెవ్. నేను వెళ్ళి అడిగొచ్చాను. నేను పొరబడ్డాను."

"మంగళవారం దొంగదన్నావు. శనివారం నిజమంటున్నావు. మధ్యలో ఏం జరిగింది?"

"పొద్దున గంట మీరనుకున్నట్టు కాదు. పిల్లలకి ఉచితంగా ఈత నేర్పుతారు. ఎవరి పిల్లలకైనా."

"మంచిదేగా. ఆ మాట నిన్న మధ్యాహ్నం చెప్పొచ్చుగా? చెబితే నా కాగితాలు నేను తీసుకుని చింపేసేదాన్ని. నూట నలభై మూడుమంది నిన్ను చూసి పెట్టారు తల్లీ, నన్ను చూసి కాదు." బెవ్ గొంతు పెంచలేదు. "కన్నకూతురు తల్లి పేరెందుకు చెరిపేస్తుంది? అది చెప్పు, చాలు."

రొజారియా సంచీలోంచి కాగితాల కట్ట తీసి కొట్టు బల్ల మీద పెట్టింది. చెప్పడానికి నోటిదాకా వచ్చింది. కొట్టు ముందున్న నలుగురిలో ఇద్దరి తల్లుల పేర్లు ఆ పదకొండులో ఉన్నాయి. ఒకామె నిరుడే పోయింది. ఇంకొకామెకి కొడుకు వారం వారం పూలు పట్టుకెళ్తాడు. తనకీ ఓ తల్లి ఉంది. ఈ ఇద్దరి కోసమే నోరు మూసుకుంటున్నానా, నెల్ కోసమా, మిల్లు వెనక వీధిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషి కోసమా? రాత్రంతా అడుక్కుంది. ఎటు తిప్పి చూసినా సమాధానం ఒకలా కనబడలేదు.

"చెప్పలేను," అంది.

"వాడ్లో ఎంతిచ్చాడు?" అని అడిగింది బెవ్.

గట్టు కడుగుతున్న ఎజ్రా పైపు నీళ్ళు ఆపాడు. యాభై రెండేళ్ళుంటాయి అతనికి. ఎనభై ఒకటిలో తొమ్మిదేళ్ళు, నెల్ పొద్దున్నే గేటు తీసి రానిచ్చిన పిల్లల ఈడు. రొజారియా ఆ లెక్క ఇప్పుడే వేసింది. మంగళవారం అతను సంతకం ఎందుకు పెట్టలేదో, ఎందుకని అడిగితే నీళ్ళ సంగతి ఎందుకు మాట్లాడాడో అర్థమైంది.

"బెవ్," అన్నాడు అతను, పైపు కింద పెట్టి.

రొజారియా అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కొంచెమే. అతను వంగి పైపు తీసుకుని కుళాయి తిప్పాడు.

"ఏమీ ఇవ్వలేదు, బెవ్," అంది రొజారియా.

"అందరూ అదే అంటారు." బెవ్ కాగితాలు తీసుకుని గుడ్డసంచీలో వేసుకుంది. పక్కనున్నాయనకి టీ పోసింది. ఆయన కప్పు అందుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

రొజారియా తువ్వాలు కంచె మీద వేసి, చెప్పులు విడిచి, మెట్ల దగ్గరికి నడిచింది. తూర్పున మిల్లు పొగగొట్టం వెనక ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది. నీళ్ళు చల్లగా కోశాయి. తల ముంచి, గోడని తన్ని, కొలను అవతలి గోడదాకా ఈది వెనక్కి తిరిగింది. పక్క రెండు వరసల్లోనూ జనం నిండిపోయి ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళకి తగులుతున్నాయి. ఆమె వరసలోకి ఆ రోజు ఎవరూ దిగలేదు.